కారుకి గుడ్డి దీపాలా? ముందు నల్ల తీగ చూడండి

మిక్సీ బుష్‌లు, ఫ్రిజ్ తలుపు రబ్బర్లు, గ్యాస్ స్టవ్ బర్నర్లు... ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ ఇంట్లో వస్తువుల గురించే చెప్పుకుంటూ వచ్చాం. కిందటి నెల స్కూటీ బ్యాటరీ గురించి రెండు ముక్కలు రాశానో లేదో, కార్ల మీద ఉత్తరాలు మొదలయ్యాయి. "కారు మగవాళ్ళ గొడవ కదండీ, వంటల పేజీ పక్కన అదెందుకు?" అని ఒకావిడ విసుక్కున్నారు కూడా. విసుక్కుంటే విసుక్కున్నారు గానీ, రామచంద్రపురం నుంచి ఒక చెల్లెలు రాసిన ఈ ఉత్తరం విని మీరే చెప్పండి, ఇది ఎవరి గొడవో.

ఆ అమ్మాయి భర్త మస్కట్‌లో పని చేస్తారు. ఇంట్లో తను, ఎనిమిదో తరగతి చదివే కూతురు, తల్లి. తల్లికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి రెండుసార్లు కాకినాడ తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. దొరికింది సాయంత్రం షిఫ్టు. అయ్యేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తండ్రి వదిలివెళ్ళిన 1999 మోడల్ మారుతీ 800లో తనే తీసుకెళ్ళి తనే తీసుకొస్తుంది. ఆ తర్వాత తన మాటల్లోనే:

"అక్కయ్యా, కుడివైపు హెడ్‌లైటు ఆముదం దీపంలా వెలుగుతోంది. బ్రేకు తొక్కితే వెనక ఇండికేటరు కూడా మిణుకుమంటోందని మా అమ్మాయి చెప్పింది. పార్కింగ్ లైట్లు, మీటరు లైట్లు ఓ వారం వెలిగితే ఓ వారం మానేస్తాయి. మొన్న రాత్రి ఎదురొచ్చిన లారీ అతను నన్ను మోటారు సైకిలనుకున్నాడు. సరాసరి మీదకి వచ్చేశాడు. స్టీరింగు ఎడమకి తిప్పి మట్టిలోకి దిగిపోయాను. అమ్మ వెనక సీట్లో పడుకుని ఉంది. మెకానిక్ ఏమో వైరింగంతా మార్చాలి, పద్నాలుగు వేలవుతుంది, ఈ ముసలి బండికి అంత దండగ, తుక్కుకి ఇచ్చేయండి అంటున్నాడు. ఇచ్చేస్తే అమ్మనెలా తీసుకెళ్ళను?"

లారీ అతను ఎందుకలా అనుకున్నాడో ముందు చెబుతాను, వినండి. మనం రోడ్డుకి ఎడమవైపు నడుస్తాం. మన కారు కుడి దీపం రోడ్డు మధ్య వైపు ఉంటుంది. అది ఆరిపోయి ఎడమది ఒక్కటే వెలుగుతూ ఉంటే, ఎదురొచ్చేవాడికి రోడ్డు పక్కగా ఎవరో మోటారు సైకిలు మీద పోతున్నట్టు కనిపిస్తుంది. మిగతా నాలుగడుగులూ ఖాళీయే అనుకుంటాడు. ఆ నాలుగడుగుల్లోనే మనం కూర్చుని ఉంటాం. అందుకే రెండు దీపాల్లో ఏది పోయినా ప్రమాదమే గానీ, కుడిది పోతే మాత్రం ఆ రాత్రి బండి తియ్యకూడదు. ఆ చెల్లెలికి ఫోనులో మొట్టమొదట చెప్పిన మాట ఇదే. ఆ వారం రెండు ట్రిప్పులూ ఆటోలో వెళ్ళింది.

ఇంటర్‌తో చదువాపిన మీకు కారు వైరింగ్ ఎక్కడ తెలుసండీ అంటారేమో. మా నాన్నగారికి కాకినాడలో బ్యాటరీ షాపు ఉండేది. ఆటో ఎలక్ట్రికల్ పని కూడా చేసేవారు. ఇంటరయ్యాక పెళ్ళయ్యేదాకా మూడేళ్ళు ఆ షాపులో బిల్లులు రాస్తూ కూర్చున్నాను. బిల్లులు రోజుకి పది ఉంటే గొప్ప. మిగతా పొద్దంతా టార్చి పట్టుకోవడం, బ్రేకు తొక్కమంటే తొక్కడం నా పని. అంబాసిడర్లు, ఫియెట్లు, ఆ తర్వాత ఊరి నిండా మారుతీలు. ఏ కారొచ్చినా నాన్నగారు బల్బు జోలికి వెళ్ళకుండా ముందు నల్ల తీగ ఎక్కడుందో చూసేవారు.

ఆ నల్ల తీగ సంగతేమిటంటే, మన ఇళ్ళలో బల్బుకి ఫేజు, న్యూట్రలు అని రెండు తీగలొస్తాయి కదా. కారులో బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, స్విచ్చి మీదుగా బల్బుదాకా తీగ వెళుతుంది. అక్కణ్ణుంచి బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి కారు రేకే! బల్బు దగ్గర్నుంచి జానెడో మూరెడో నల్ల తీగ వచ్చి ఒక బోల్టుతో రేకుకి బిగించి ఉంటుంది. దాన్నే మెకానిక్‌లు ఎర్త్ అంటారు. స్విచ్చిని ప్లస్ వైపు కాకుండా ఈ ఎర్త్ వైపు పెట్టిన జపాను పద్ధతి పాత బళ్ళు కూడా ఉన్నాయి. అయినా తిరుగుదారి మాత్రం రేకే.

పాతికేళ్ళ బండిలో రేకు సంగతి వేరే చెప్పాలా? అందులోనూ మా కాకినాడలాంటి సముద్రపు గాలి ఊళ్ళలో వాన నీళ్ళు పడినా పడకపోయినా బోల్టు కింద తుప్పు పడుతుంది. రాగి తీగ కొసకి, మన రాగి చెంబుకి పట్టినట్టే, పచ్చటి చిలుము పడుతుంది. వెళ్ళిన కరెంటు తిరిగి రాలేకపోతే దీపం మసకబారుతుంది. అప్పుడు జనం చేసే పనేమిటి? ఇంకా పెద్ద బల్బు పెడతారు. మూసుకుపోయిన సింకులో ఇంకో రెండు బకెట్లు పోసినట్టు!

దీపం విషయంలో ఇంకో చిక్కుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే ఈ హాలోజెన్ బల్బుల వెలుగు పదో వంతుతో సరిపెట్టుకోదు, దాదాపు మూడో వంతు పడిపోతుంది. అయిదో వంతు తగ్గితే వెలుగు సగానికి సగం పోతుంది. అందుకే ఒక చిన్న తుప్పు బోల్టు అంత పని చేస్తుంది.

పనిలోకి దిగే ముందు గాజులు, ఉంగరాలు, వాచీ తీసి లోపల పెట్టిరండి. మట్టి గాజులైతే ఫరవాలేదు గానీ, బంగారు గాజో ఇత్తడి గాజో ఒకవైపు బ్యాటరీ ప్లస్‌కి, రెండోవైపు రేకుకి తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి తినేస్తుంది. 12 వోల్టులకి షాకు కొట్టదన్న మాట నిజమే, కాలదని మాత్రం కాదు. మంగళసూత్రం గొలుసు జాకెట్టులోకి దోపుకోండి. జడ ముడి వేసుకోండి, చున్నీ తీసెయ్యండి, పైట దోపుకోండి. ఇంజనాపాక కూడా రేడియేటరు దగ్గరున్న ఎలక్ట్రిక్ ఫ్యాను వేడికి దానంతటదే తిరగవచ్చు. తీగ విప్పడం, బిగించడం చేస్తున్నప్పుడు బ్యాటరీ మైనస్ టెర్మినల్ ముందు తీసెయ్యాలి. పనయ్యాక దాన్ని ఆఖర్న పెట్టాలి. ప్లస్‌ని ముందు విప్పితే స్పానరు రేకుకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. ఇండికేటరుకి వాడే 21 వాట్ల బల్బు ఒకటి, దానికో హోల్డరు, రెండు బారెడేసి తీగలు, కొసలకి మొసలి నోటి క్లిప్పులు. ఇది మన టెస్ట్ ల్యాంపు. మూడు నాలుగు వందల్లో చిన్న మల్టీమీటరు దొరుకుతుంది, ఉంటే ఇంకా మంచిది. గరుకు కాగితం, 10వ నంబరు స్పానరు, కాస్త వేజలీన్. ఇంకో మనిషి. ఈ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. లోపల కూర్చుని "అమ్మా, ఇప్పుడు బ్రేకు" అని తొక్కే పిల్ల లేకపోతే పని నడవదు.

మా పిన్ని గారి ఊరు కూడా అదే కాబట్టి ఒక ఆదివారం పొద్దున్నే నాన్నగారి పాత డబ్బా పట్టుకుని నేనే వెళ్ళాను. ఉత్తరంలో సమాధానం రాస్తే తీగ తీగకీ ఒక ఉత్తరం రాయాల్సొచ్చేది.

మొదట ఏమీ విప్పలేదు. ఇంజను ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేసి, కారుని గోడకి ఎదురుగా పెట్టి చూశాం. చాలామంది వదిలేసేది ఇదే. రెండు దీపాలూ సమానంగా మసకగా ఉండి, ఇంజను వేగం పెంచితే రెండూ ప్రకాశిస్తే తప్పు దీపాలది కాదు, బ్యాటరీదో, దానికి చార్జి చేసే ఆల్టర్నేటరుదో, బ్యాటరీ టెర్మినళ్ళదో. నడుస్తున్న ఇంజనుతో బ్యాటరీ మీద మామూలుగా 13.8 నుంచి 14.4 వోల్టుల దాకా ఉండాలి. అన్ని లైట్లూ వేసి, ఇంజను నిదానంగా తిరుగుతుంటే కాస్త తగ్గుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుంటే మైనస్, ఆ తర్వాత ప్లస్ విప్పేసి, వేడినీళ్ళలో వంట సోడా కలిపి పోసి పాత టూత్ బ్రష్‌తో తోమండి. పొంగి పోతుంది. ఆ నీళ్ళు సెల్స్ మూతల్లోకి వెళ్ళకుండా చూసుకోండి. ఆరాక బిగించి పైన వేజలీన్ రాయండి. చింతపండు, నిమ్మచెక్క మాత్రం వద్దు. చెంబుకి బాగుంటాయి గానీ, తీగకి పులుపు మిగిలిపోతే నాలుగు రోజుల్లో మళ్ళీ చిలుము లేస్తుంది.

ఈ కారులో అలా కాదు, ఎడమది తెల్లగా, కుడిది పచ్చగా ఉన్నాయి. ఒక్కవైపే మసకైతే సగం పని అయిపోయినట్టే. బ్యాటరీ ఇద్దరికీ ఒకటే, కనుక ఆ వైపు దారిలోనే ఎక్కడో అడ్డం పడింది.

ఇప్పుడు అసలు పరీక్ష చెబుతున్నాను, కాగితం మీద రాసుకోండి. ఒక లావుపాటి తీగ ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ మైనస్‌కి గట్టిగా తగిలించండి. దీపం వెలుగుతుండగానే రెండో కొసని ఆ హెడ్‌లైటు నల్ల తీగ రేకుకి బిగించిన చోట, ఆ తీగ కొసకే తాకించండి. దీపం ఒక్కసారిగా తెల్లబడిందా? దొంగ దొరికాడు. ఎర్త్ పాడైంది, ఇంకేం మార్చక్కర్లేదు. మార్పు లేకపోతే ఎర్త్ మంచిదే, ప్లస్ వైపు వెతకండి. ఈ తీగ కొసని పొరపాటున కూడా ప్లస్‌కి తగలనివ్వకూడదు.

మేము తాకించగానే గోడ మీద వెలుగు రెండింతలయింది. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది! మీటరుతో కూడా చూశాం. లైట్లన్నీ వేసి బ్యాటరీ మీద చూస్తే 13.2 వోల్టులు. వెలుగుతున్న కుడి బల్బు రెండు కాళ్ళ మధ్య 10.4. మిగతా 2.8 ఎక్కడికి పోయింది? బ్యాటరీ మైనస్‌కీ బల్బు నల్ల తీగకీ మధ్య పెడితే 2.3 చూపించింది. అక్కడ ఒకటి రెండు పాయింట్లకి మించి ఉండకూడదు. మిగిలిన అర వోల్టు ప్లస్ వైపు నష్టం. దాని సంగతి తర్వాత.

మీటరు వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. బల్బు పీకేసి ఖాళీ హోల్డరులో వోల్టులు చూసి "పన్నెండున్నాయి, తీగ మంచిదే" అనకండి. కుళాయి కట్టేసినప్పుడు పైపులో ప్రెషరు బాగానే ఉంటుంది. తిప్పాక ధార వస్తుందా, చుక్కలు వస్తాయా అన్నదే లెక్క. అలాగే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా ఖాళీగా ఉన్నప్పుడు పన్నెండు చూపిస్తుంది. బల్బు వెలుగుతుండగానే చూడాలి.

ఎర్త్ బోల్టు విప్పితే దాని కింద రేకు బెల్లం పాకంలా ఎర్రగా ఉంది. తీగ కొసన ఉండే థింబుల్, అదే ఉంగరంలాంటి రేకు ముక్క, ముట్టుకుంటే రాలిపోయింది. రేకుని గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, తీగని చిలుము లేని చోటిదాకా కత్తిరించి, కొత్త థింబుల్ నొక్కించి బిగించి, పైన వేజలీన్ దట్టంగా పట్టించాం. మళ్ళీ చూస్తే 2.3 ఉన్నచోట 0.1. పద్నాలుగు వేల వైరింగులో మొదటి జబ్బు ఇది.

వెనక దీపాల కథ కూడా ఇలాంటిదే. బ్రేకు తొక్కితే ఇండికేటరు మిణుకుమనడం, ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు కూడా కొట్టుకోవడం చూసి "ఎక్కడో షార్టయింది" అని భయపడతారు. షార్టు కాదండీ. ఆ దీపాలన్నిటికీ కలిపి ఒకటే ఎర్త్ ఉంటుంది. అది తెగిపోతే కరెంటు తన దారి మూసుకుపోయి, పక్క బల్బు మీదుగా దొడ్డిదారిన తిరిగొస్తుంది. ఆ పక్క బల్బు మిణుకుమంటుంది. లైట్లు ఒకదాన్ని చూసి ఇంకొకటి వింతగా ప్రవర్తిస్తే వంద మాటలొద్దు, ఎర్త్ చూడండి. బ్రేకు, టెయిలు రెండూ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లుగా ఉంటాయి, ఒకటి 21 వాట్లు, ఒకటి 5 వాట్లు. ఆ బల్బు పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. తిరగేసి బలవంతంగా దూర్చితే కూడా ఇలాంటి వింతలే కనిపిస్తాయి. ఇక్కడ బల్బు సరిగ్గానే ఉంది, డిక్కీ పక్క ఎర్త్ స్క్రూ వదులైంది. రుద్ది బిగించాం, పావుగంట పని.

ఇక వారం వెలిగి వారం మానేసే పార్కింగ్ లైట్లు. దీన్ని చూసి మాత్రం నాకు నిజంగా భయం వేసింది. చాలా బళ్ళలో పార్కింగ్ లైట్లకి, టెయిల్ లైట్లకి, నంబరు ప్లేటు లైటుకి, మీటరు లైట్లకి కలిపి ఒకటే ఫ్యూజు. అందుకే ఇవన్నీ కట్టగట్టుకుని ఆరిపోతాయి. రంగు ఫ్యూజులు చూసే ఉంటారు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఈ బండిలో నీలం ఉండవలసిన చోట ఆకుపచ్చది పెట్టి ఉంది. ఎవరో ఎప్పుడో, "మాటిమాటికీ పోతోంది కదా" అని పెద్దది పెట్టేశారు. ఫ్యూజు పోవడం జబ్బు కాదు, జబ్బు ఉందని చెప్పడం. దాని నోరు నొక్కేస్తే తీగే ఫ్యూజవుతుంది, అంటే తీగ కాలుతుంది. సిగరెట్ పెట్టె రేకు చుట్టినవాళ్ళని, రాగి పోగు వేసినవాళ్ళని కూడా చూశాను. పెట్రోలు బండిలో ఆ పని చేసేవాళ్ళకి ఏం చెప్పాలి!

షార్టు ఎక్కడుందో పట్టుకోవడానికి నాన్నగారి పద్ధతి ఇది. ఆ ఫ్యూజు తీసేసి, దాని రెండు నోళ్ళ మధ్య మన 21 వాట్ల టెస్ట్ ల్యాంపు తగిలించాలి. ఆ దారిలో ఉన్న చిన్న బల్బులన్నీ, మీటరు లైట్ల కప్లరుతో సహా, విప్పెయ్యాలి. స్విచ్చి వెయ్యాలి. ఇప్పుడు మన ల్యాంపు ఆరి ఉండాలి. నిండుగా వెలుగుతోందంటే తీగ ఎక్కడో ఒరుసుకుని రేకుకి తగులుతోందన్న మాట. ఒకరు ల్యాంపు చూస్తుంటే ఇంకొకరు తీగల కట్టని ముందు నుంచి వెనక్కి మెల్లగా కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే ల్యాంపు ఆరిందో అక్కడే గాయం. ఇలా వెతికితే ఫ్యూజు ఒక్కటి కూడా వృథా కాదు, తీగ కాలదు.

నంబరు ప్లేటు లైటు తీగ రేకు అంచుకి ఒరుసుకుని బెత్తెడు మేర తోలు ఊడిపోయి ఉంది. పెద్ద ఫ్యూజు పుణ్యమా అని దాని పక్క తీగల తోలు కూడా మెత్తబడి అతుక్కుపోయింది. ఆ వేడికి ఫ్యూజు పెట్టే నోరే వదులై కూర్చుంది. అందుకే కుదుపుకి ఒకసారి వెలగడం, ఒకసారి ఆరడం. తీగ కొత్త ముక్క అతికి, స్లీవ్ వేసి, నోరు బిగించి, 15 ఫ్యూజు పెట్టాం. అతుకంటే రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం కాదు. మన ఎండలకి ఆ టేపు నెలలో జిగురు కారి ఊడిపోతుంది. టంకం వెయ్యాలి, లేదా నొక్కే జాయింటు పెట్టి పైన వేడికి ముడుచుకునే స్లీవ్ వెయ్యాలి. ఎలుకలు కొరికిన తీగలకి కూడా ఇదే వైద్యం. ఎలుకలకి ఏం వైద్యం అని అడక్కండి, మా ఇంట్లోనే తేలలేదు.

ప్లస్ వైపు అర వోల్టు నష్టం ఒకటి మిగిలింది కదా. కుడి బల్బు వెనక కప్లరు విప్పితే తెల్లగా ఉండవలసిన ప్లాస్టిక్ మాడిన అప్పడంలా ఉంది. ఎప్పుడో 100/90 వాట్ల బల్బులు వాడిన గుర్తు. మామూలు హెచ్4 బల్బు 60/55. డిప్‌లో రెండూ కలిపి 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. 90 వాట్లవి రెండు పెడితే 15 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి కరెంటుతో సమానంగా పెరగదు, రెండున్నర రెట్లు దాటుతుంది. పాత బళ్ళు చాలావాటిలో ఆ కరెంటంతా స్టీరింగు పక్కనున్న చిన్న స్విచ్చిలోంచే పోతుంది. ఈ బండిలో అదీ అరిగిపోయింది, డిప్పర్ కొడితే ఒక్కోసారి రెండూ ఆరిపోతున్నాయి. ఆ స్విచ్చి మార్చాల్సిందే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మెకానిక్ చెప్పిన వాటిలో ఈ ఒక్కటీ నిజం.

అతన్ని దొంగ అనను. గంటన్నర కూర్చుని ఒక తుప్పు బోల్టు వెతికితే ఆ గంటన్నరకి మనం ఎంతిస్తాం? "బోల్టు బిగించావు, ఇరవై రూపాయలు తీసుకో" అంటాం. వైరింగంతా మారిస్తే అడిగినంతా ఇస్తాం. వెతికినందుకు కూలి ఇవ్వని చోట మార్చడమే జరుగుతుంది. అందుకే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళినప్పుడు ముందే చెప్పండి: "వెతికినందుకు ఇంత ఇస్తాను, తప్పెక్కడుందో నాకు చూపించు, మార్చాలో వద్దో తర్వాత మాట్లాడదాం." పరీక్షలు ఇంట్లోనే చేసి వెళితే ఇంకా మంచిది. "కుడి ఎర్త్‌లో 2.3 పడిపోతోంది" అన్నారంటే అతను మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

స్విచ్చి, రెండు వేడికి ఓర్చే పింగాణీ కప్లర్లు, రెండు రిలేలు ఆ ఊళ్ళోనే ఒక కుర్ర ఎలక్ట్రీషియన్ చేత వేయించాం. రిలే అంటే మన ఇంటి బోరు మోటారుకి స్టార్టరు ఉన్నట్టు. చిన్న స్విచ్చి రిలేని మాత్రమే లేపుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో నేరుగా బల్బుకి పోతుంది. 2.5 మందం పోగుల తీగ, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఆ ఫ్యూజు లేకుండా రిలే వేస్తానంటే ఒప్పుకోకండి. అతని కూలితో సహా అంతా కలిపి మూడు వేల ఎనిమిది వందలయింది.

"ఇంతలోనే ఎల్ఈడీ బల్బులు పెట్టించెయ్యనా అక్కయ్యా, తెల్లగా ఉంటాయిట" అంది ఆ చెల్లెలు. వద్దన్నాను. హాలోజెన్ బల్బు కోసం చేసిన డూములో ఆ బల్బు దూరిస్తే వెలుగు చెదిరి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. మొన్న లారీ మీదకొచ్చింది మన దీపం కనబడక. రేపు ఇంకెవరో మీదకొస్తారు, మన దీపం తప్ప మరేమీ కనబడక. మామూలు 60/55 బల్బే నిండు వోల్టేజి అందితే చాలినంత వెలుగిస్తుంది. కొత్త బల్బు పెట్టేటప్పుడు గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు. మన చేతులు వంటింటి చేతులు, నూనె మరక ఎక్కడుంటే అక్కడ గాజు ఎక్కువ కాలి బల్బు తొందరగా పోతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోండి. బల్బు మంచిదై, వోల్టులు సరిపోయినా మసకగానే ఉంటే డూము లోపలి అద్దంలాంటి పూత చూడండి. అది నల్లబడితే డూము మార్చడమే, తుడిస్తే ఉన్నది కూడా పోతుంది. మారుతీ 800 తయారీ 2014లోనే ఆపేసినా సామానుకి ఇప్పటికీ కొరత లేదు.

తీగ పనులన్నీ అయ్యాక దీపాల చూపు కూడా సరిచెయ్యాలి. చీకటి పడ్డాక సమానమైన నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో కారు నిలబెట్టండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి కూర్చోవాలి. నేల నుంచి దీపం మధ్యకి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో సుద్దముక్కతో గీత గీయండి. డిప్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకి మూడంగుళాలు కిందుగా ఉండాలి. ఎడమ పక్కకి కాస్త పైకి లేస్తుంది, అది రోడ్డు అంచు కనబడడానికి పెట్టిందే, దించకండి. దీపం వెనకో పక్కనో ఉండే మరలు కొద్దికొద్దిగా తిప్పుతూ రెండూ సమానం చెయ్యాలి. వెనక సీట్లో ఎప్పుడూ మనిషిని పడుకోబెట్టుకుని వెళ్ళే బండి అయితే అంత బరువూ వేసే చూడాలి. వెనక బరువు పడితే ముందు దీపాలు పైకి చూస్తాయి. మేము తల్లిగారి బదులు రెండు బియ్యం బస్తాలు వేశాం.

రోజూ బయల్దేరే ముందు వెనక లైట్లు ఎవరు చూస్తారని అడిగింది ఆ అమ్మాయి, కూతురు ట్యూషనులో ఉంటుంది కదా. కారుని వెనక్కి పోనిచ్చి ఇంటి గోడకి రెండు మూడు అడుగుల దూరంలో ఆపమన్నాను. బ్రేకు తొక్కి అద్దంలో చూస్తే గోడ మీద రెండు ఎర్ర మచ్చలు పడాలి. ఒకటే పడితే దిగి చూడాలి. ఆస్పత్రి దగ్గర కూడా ప్రహరీ గోడ ఉంది, తిరుగు ప్రయాణానికి అక్కడ చూసుకోవచ్చు.

(వచ్చే వారం: కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి పోతుంటే రబ్బరు మార్చాలా, అంచు చూడాలా?)